ఇరవై ఒకటో గడి

సంస్థలు తమ తప్పుల గురించి తామే రాసుకునే నివేదికలంటే నాకు మహా ఇష్టం. నవలల్లో కూడా దొరకనంత నాటకం వాటిలో ఉంటుంది, కాకపోతే అదంతా కర్మణి ప్రయోగంలో ఉంటుంది. ‘పొరపాటు జరిగింది’ అంటారు, ఎవరూ చెయ్యరు. అందుకే ‘మన డిజిటల్ బతుకు ఎంత పదిలం?’ అన్న పేద్ద ప్రశ్న చేతిలో పెట్టి, గురువారం సాయంత్రానికల్లా పేజీలు కావాలని ఎడిటర్ గారు అన్నప్పుడు, నేను ఏఐ సదస్సుల ఉపన్యాసాల జోలికి పోలేదు. 2024 ఆగస్టు 6న క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సైబర్ భద్రతా సంస్థ విడుదల చేసిన పన్నెండు పేజీల దగ్గరే ఆగిపోయాను.

సందర్భం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది జులై 19, శుక్రవారం. మన లెక్కలో పొద్దున 9.39కి ఆ సంస్థ తన ఖాతాదారుల విండోస్ కంప్యూటర్లకి ఒక చిన్న ఫైలు పంపింది. 10.57కి వెనక్కి తీసుకుంది. మధ్యలో 78 నిమిషాలు. ఆలోపే దాదాపు 85 లక్షల యంత్రాలు పని ఆపేసి నీలం తెర వేసుకుని కూర్చున్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా. ప్రపంచంలోని మొత్తం విండోస్ యంత్రాల్లో ఇది ఒక శాతం కూడా కాదట. కానీ ఆ ఒక్క శాతంలోనే విమానాశ్రయాలు, ఆస్పత్రులు, బ్యాంకులు, టీవీ స్టూడియోలు ఉన్నాయి. హ్యాకర్లు లేరు, వైరస్ లేదు. వాటి నుంచి కాపాడమని డబ్బిచ్చి పెట్టుకున్న సాఫ్ట్‌వేరే పని కానిచ్చింది.

ఇక నివేదిక. ఘోరం ఎలా జరిగిందో చెప్పాల్సిన ఈ పత్రం, మా ఉత్పత్తిలో ఏఐ, మెషీన్ లెర్నింగ్ ఉన్నాయి సుమండీ అంటూ మొదలవుతుంది. మార్కెటింగ్ వాళ్లు ఎక్కడా సెలవు తీసుకోరు. ఆ గుమ్మం దాటితే మాత్రం అసలు కథ ఉంది.

విండోస్‌లో ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముతో మాట్లాడుకునే దారులు కొన్ని ఉంటాయి. వాటిలో ‘నేమ్డ్ పైప్స్’ ఒక రకం. దొంగలు ఆ దారినీ వాడుకుంటారు కాబట్టి, అక్కడ నిఘా పెట్టే కొత్త ఏర్పాటుని క్రౌడ్‌స్ట్రైక్ 2024 ఫిబ్రవరిలో తెచ్చింది. ఏమేం గమనించాలో చెప్పే నియమాలు ‘ఛానల్ ఫైల్ 291’ అనే ఫైల్లో ఎప్పటికప్పుడు వచ్చిపడుతుంటాయి. ఒక్కో నియమంలో పోల్చి చూడాల్సిన గడులు 21 అని ఆ ఏర్పాటు నిర్వచనంలో రాసుకున్నారు. పోల్చడానికి వివరాలు అందించాల్సిన కోడు మాత్రం అందించేది 20.

అంతే. కథంతా అంతే. ఇరవై ఒకటి, ఇరవై.

మరి ఫిబ్రవరి నుంచి జులై దాకా ఎలా నడిచిందంటారా? నివేదికలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. ఒక ప్రభుత్వ కార్యాలయం ఊహించుకోండి. దరఖాస్తులో 21 గడులున్నాయి. బంట్రోతు తెచ్చిపెట్టేది 20 కాగితాలు. అయితే ఇరవై ఒకటో గడి దగ్గర ‘ఏదున్నా ఫర్వాలేదు’ అని రాసి ఉంది. ఏదున్నా ఫర్వాలేనప్పుడు, ఉందో లేదో చూసేదెవరు? గుమాస్తా ఇరవై చూసి ముద్ర కొట్టేస్తాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో ఆ ‘ఏదున్నా ఫర్వాలేదు’ పేరు వైల్డ్‌కార్డ్. పరీక్షల కోసం చేత్తో ఎంచుకున్న నియమాలన్నిటిలో ఇరవై ఒకటో గడిలో ఉన్నది వైల్డ్‌కార్డే. మార్చి 5న ఒత్తిడి పరీక్ష పెట్టారు, పాసైంది. అదే రోజు మొదటి నియమం బయటికి వెళ్లింది. ఏప్రిల్‌లో మరో మూడు వెళ్లాయి. వాటిలోనూ వైల్డ్‌కార్డే. అన్నీ సవ్యంగా నడిచాయి.

జులై 19న ఇంకో రెండు నియమాలు పంపారు. వాటిలో ఒకటి మొట్టమొదటిసారిగా, ఇరవై ఒకటో గడిలో ఏముందో నిజంగా చూడమంది. ప్రోగ్రాము చెయ్యి చాపింది. అక్కడ తనది కాని మెమరీ ఉంది.

మామూలు యాప్ ఇలా చెయ్యి చాపితే ఆ యాప్ ఒక్కటే పోతుంది. ఈ కాపలా సాఫ్ట్‌వేర్ పనిచేసేది కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గర్భగుడిలో. అక్కడ ఇలాంటి తప్పు జరిగితే డేటా పాడవుతుందన్న భయంతో విండోస్ మొత్తం యంత్రాన్నే ఆపేస్తుంది. మళ్లీ ఆన్ చేస్తే కాపలా కూడా మళ్లీ మొదలవుతుంది, అదే ఫైలు చదువుతుంది, మళ్లీ పడుతుంది.

పంపేముందు తనిఖీ చేసే ప్రోగ్రాము ఒకటి లేకపోలేదు. దాని పేరు కంటెంట్ వాలిడేటర్. గడులు 21, వివరాలూ 21 వస్తాయన్న నమ్మకంతోనే అదీ లెక్క చూసింది. కాగితం మీద అంతా సరిపోయింది. ఈ వాక్యం చదివినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. సాఫ్ట్‌వేర్ ప్రొడక్షన్‌లో పనిచేసిన స్నేహితులకి చదివి వినిపిస్తే వాళ్లు నవ్వలేదు.

దిద్దుబాటు ఇంకో ప్రహసనం. ఫైలు వెళ్లింది ఇంటర్నెట్‌లో, తీసెయ్యడం మాత్రం చాలాచోట్ల చేత్తో. సేఫ్ మోడ్‌లో తెరవాలి, ‘C-00000291’తో మొదలయ్యే ఆ ఫైలుని వెతికి తొలగించాలి, మళ్లీ ఆన్ చెయ్యాలి. డిస్కుకి బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. కొన్ని సంస్థల్లో ఆ కీలు దాచిన సర్వర్లే నీలం తెరతో ఉన్నాయి.

నివేదికలో ఆరు గుణపాఠాలు, వాటికి ఆరు మందులు ఉన్నాయి. గడుల సంఖ్యని కోడు తయారయ్యేటప్పుడే సరిచూస్తారట. హద్దు దాటి చదవకుండా పెట్టిన తనిఖీ జులై 25న చేరింది. ఇవి బాగానే ఉన్నాయి. కానీ ఇకపై ఫైళ్లని ఒకేసారి అందరికీ కాక విడతలు విడతలుగా పంపుతామన్న మాట దగ్గర నేను ఆగాను. మామూలు మొబైల్ యాపులు చేసేవాళ్లు సైతం ముందు కొద్దిమందికి వదిలి చూస్తారు. లక్షల యంత్రాల గర్భగుడిలోకి తాళం చెవి ఉన్నవాళ్లకి ఆ ఆలోచన అమల్లోకి రావడానికి 85 లక్షల నీలం తెరలు కావలసి వచ్చాయి. కొత్త ప్రోగ్రామునైతే వాళ్లూ విడతల్లోనే పంపేవాళ్లు. ఇది ప్రోగ్రాము కాదు, ‘కంటెంట్’ కదా అనుకున్నారు. పేరు మారితే జాగ్రత్త మారుతుందా?

చరిత్ర నాలుగు ముక్కల్లో. కంపెనీ పుట్టింది 2011లో. భద్రతా సాఫ్ట్‌వేర్‌ని కెర్నెల్‌లోకి ఎందుకు రానిచ్చారంటే, యూరోపియన్ కమిషన్‌కి 2009లో ఇచ్చిన హామీవల్ల బయటివాళ్లకీ తమతో సమానంగా దారి తెరవాల్సి వచ్చిందని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి వేలు చూపించారు. భద్రతా కంపెనీలని కెర్నెల్ బయట కూర్చోబెట్టే ప్రయత్నం ఈ ఘటన తర్వాత మొదలైంది. దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకున్న డెల్టా ఎయిర్‌లైన్స్ 50 కోట్ల డాలర్ల నష్టమంటూ క్రౌడ్‌స్ట్రైక్ మీద కోర్టుకెక్కింది.

బాక్స్: మన దగ్గర

హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి ఇండిగో సిబ్బంది ఆ రోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. బ్యాంకుల మాటకొస్తే, పది బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల్లో మాత్రమే చిన్నపాటి ఇబ్బంది కలిగిందని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. అప్పటికి మన బ్యాంకుల్లో చాలావాటి కీలక వ్యవస్థలు క్లౌడ్‌లో లేవు, ఈ సాఫ్ట్‌వేర్ వాడేవీ తక్కువే. వెనకబడి ఉండటానికి కూడా ఒక్కోసారి ముహూర్తం కుదురుతుంది.

బాక్స్: పాత పరిచయం

2010 ఏప్రిల్ 21న మెకాఫీ యాంటీవైరస్ ఒక అప్‌డేట్ పంపింది. అది విండోస్ ఎక్స్‌పీలోని ఒక ముఖ్యమైన ఫైలునే వైరస్ అనుకుని పక్కన పెట్టేసింది. ఎక్కడెక్కడో కంప్యూటర్లు పడిపోయాయి. అప్పుడు మెకాఫీలో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ జార్జ్ కర్ట్జ్. 2024లో క్రౌడ్‌స్ట్రైక్ సీఈవో కూడా ఆయనే.

బాక్స్: ఓదార్పు, బహుమతి

రాత్రింబవళ్లు కష్టపడిన భాగస్వామి సంస్థల వాళ్లకి క్రౌడ్‌స్ట్రైక్ పది డాలర్ల ఉబర్ ఈట్స్ కూపన్లు పంపింది. ఒకేసారి అంతమంది వాడేసరికి, ఇదేదో మోసమని ఉబర్ వ్యవస్థ వాటిని అనుమానించింది. కూపన్లు కొందరికి పనిచెయ్యలేదు. ఆగస్టులో లాస్ వేగస్‌లో జరిగిన డెఫ్‌కాన్ హ్యాకర్ల సభలో ‘అతి ఘనమైన వైఫల్యం’ కింద క్రౌడ్‌స్ట్రైక్‌కి ప్వ్నీ అవార్డు దక్కింది. దాన్ని అందుకోడానికి కంపెనీ అధ్యక్షుడు మైకేల్ సెంటోనాస్ స్వయంగా వేదికెక్కారు. ట్రోఫీని ప్రధాన కార్యాలయంలో, పనిలోకి వచ్చే ప్రతి ఉద్యోగికీ కనబడేచోట పెడతానన్నారు.