ప్యారిస్ నుంచి భద్రాద్రి దాకా.. హార్మోనియం ప్రస్థానం

డోర్నకల్ జంక్షన్‌లో ఒక రైలుమార్గం భద్రాచలం రోడ్డు వైపు చీలుతుంది. ఈ దారికి ఒక కొసన ఎపిఫనీ కెథడ్రల్, మరో కొసన అడవి దాటి గోదావరి గట్టున రామాలయం ఉన్నాయి. చర్చి కీర్తనకూ, రామదాసు కీర్తనకూ శ్రుతి పలికే హార్మోనియం పుట్టిల్లు మాత్రం ఫ్రాన్స్ అని తెలిసినవారు తక్కువే.

ఫ్రాన్స్ చర్చిలలో పైప్ ఆర్గాన్‌ది రాజస్థానం. ఫ్రాన్స్వా కూపరిన్ 1690లోనే దానికోసం ఆరాధన సంగీతం రచించాడు. ప్యారిస్‌లోని నోత్రదామ్ ఆర్గాన్‌కు సుమారు 8,000 గొట్టాలు ఉన్నాయి. అంతటి వాద్యాన్ని చిన్న చర్చి భరించలేదు. ఈ లోటు తీర్చేందుకు అలెగ్జాండర్ డెబెయిన్ 1842లో హార్మోనియానికి పేటెంటు పొందాడు. గొట్టాల స్థానంలో పలుచని లోహపు రీడ్లు అమర్చాడు. తిత్తి గాలికి రీడు కంపించి స్వరం పలుకుతుంది. పొడవైనది మంద్రం, పొట్టిది తారం. ఎండకూ తేమకూ పైపుల శ్రుతి మారుతుంది, కొయ్య ఉబ్బుతుంది. రీడు అంత తేలికగా చలించదు. మిషనరీల వెంట అది మనదేశానికి రావడానికి ఈ గుణమే తోడ్పడింది.

ఐరోపా వాద్యాన్ని కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కాలి. నేలపై కూర్చునే మనవారికి అది కుదరలేదు. కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ తిత్తిని వెనుకకు మార్చి, ఒక చేత్తో గాలి, మరో చేత్తో మెట్లు అన్న పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు మనమెరిగిన పెట్టె ఇదే.

డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో అభిషిక్తుడైన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఆయన కెథడ్రల్ కట్టడంలో దేశీయ శిల్పరీతులు కనిపిస్తాయి. ఆరాధనలోనూ పాశ్చాత్య బాణీలకు బదులు తెలుగు కీర్తనలనే ఆయన ప్రోత్సహించారు.

అయితే మరుసటి ఏడాదే, 1940లో, రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. పన్నెండు బిగించిన స్వరాలతో గమకం పలకదన్నది అభియోగం. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా ఆ నిర్ణయాన్ని సమర్థించారు. అభియోగంలో నిజం లేకపోలేదు. కానీ పల్లె భజనకు, పద్యనాటకానికి కావలసింది గొంతును నిలబెట్టే ఆధారం. ఆ పని హార్మోనియం చేసింది. 1971లో ఆకాశవాణి నిషేధాన్ని సడలించేనాటికి జనంలో దాని స్థానం చెక్కుచెదరలేదు.

ఎలక్ట్రానిక్ కీబోర్డులు వచ్చాక గండం మరమ్మతు విద్యకు వచ్చింది. రీడు కొసను గీకితే స్వరం హెచ్చుతుంది, మొదట గీకితే తగ్గుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ గీకినా రీడు చెడుతుంది. చెవితో విని, చేత్తో గీకి నేర్చుకోవలసిన పని ఇది. ఏళ్ల తరబడి పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది.