ఆరన్ క్లూగ్ పరిశోధన: ప్రోటీన్ల స్వయం కూర్పు

జీవకణంలో ప్రోటీన్లు ఒంటరిగా పనిచేయడం అరుదు. అవి పరస్పరం కూడి, కేంద్రకామ్లాలతో జతపడి పెద్ద నిర్మాణాలుగా ఏర్పడతాయి. ఈ కూర్పు ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు ఆరన్ క్లూగ్ (1926-2018) తన పరిశోధన జీవితంలో అధికభాగాన్ని వెచ్చించారు.

లిథువేనియాలో జన్మించి దక్షిణాఫ్రికాలో పెరిగిన క్లూగ్ భౌతికశాస్త్రంలో శిక్షణ పొందారు. లండన్ బర్క్‌బెక్ కళాశాలలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన పొగాకు మొజాయిక్ వైరస్ ఎక్స్-కిరణ చిత్రాలు ఆయనను ఈ రంగం వైపు మళ్లించాయి. 1958లో ఫ్రాంక్లిన్ మరణించాక ఆ కృషిని కొనసాగించి, 1962లో కేంబ్రిడ్జిలోని అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో చేరారు.

ఈ వైరస్ 300 నానోమీటర్ల పొడవైన కడ్డీ. ఒకే రకమైన దాదాపు 2,130 ప్రోటీన్ ఉపప్రమాణాలు ఆర్.ఎన్.ఎ. పోగును తమ మధ్య ఇముడ్చుకొని, చుట్టుకు 16⅓ చొప్పున సర్పిలాకారంలో అమరి ఉంటాయి. 1955లో ఫ్రాంకెల్-కాన్రాట్, విలియమ్స్ ఈ రెండు భాగాలను విడదీసి, తిరిగి కలిపి వైరస్‌ను పునర్నిర్మించారు. అయితే ఆ ప్రక్రియకు గంటలు పట్టేది. ఉపప్రమాణాలు ఒక్కొక్కటిగా చేరతాయనుకుంటే తొలి చుట్టు నిలవడమే కష్టం. పరాయి ఆర్.ఎన్.ఎ.ను ప్రోటీన్ ఎలా వేరుపరుస్తుందన్నదీ తేలలేదు.

సమాధానం ఒక ఆటంకం రూపంలో ఎదురైంది. విడి ఉపప్రమాణాల స్ఫటికాలకై ప్రయత్నించగా, 17 చొప్పున రెండు వరుసలు గల చక్రికల స్ఫటికాలు లభించాయి. 1971లో బట్లర్, క్లూగ్ ఈ చక్రికలను ఆర్.ఎన్.ఎ.తో కలిపినప్పుడు కడ్డీలు నిమిషాల్లో ఏర్పడ్డాయి. వారి వివరణ ప్రకారం, ఆర్.ఎన్.ఎ.లోని ఒక ప్రత్యేక మడత చక్రిక నడిమి రంధ్రంలో చొరబడి రెండు వరుసల మధ్య ఇముడుతుంది. అప్పుడు చక్రిక సర్పిలంగా మారుతుంది. తొలి చుట్టు ఏర్పడటం, సరైన ఆర్.ఎన్.ఎ.ను గుర్తించడం ఒకే చర్యలో నెరవేరుతాయి. ఆ మడత పోగు కొసన కాక లోపలి భాగంలో ఉందని తరువాత తెలిసింది.

చక్రిక నిర్మాణం 1978లో 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వెలువడింది. ద్రావణంలో ఈ సముదాయం చక్రికగా ఉంటుందా, పొట్టి సర్పిలంగానా అన్న చర్చ ఆపైనా సాగింది. అయినా, నిర్మాణాన్ని చూడటంతో ఆగక అది ఏర్పడే క్రమాన్ని కూడా ప్రశ్నించాలన్న క్లూగ్ దృక్పథం నిలిచింది. క్రోమాటిన్‌లో హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ డి.ఎన్.ఎ. చుట్టుకొనే తీరుకూ ఆయన దాన్నే అన్వయించారు. కేంద్రకామ్ల-ప్రోటీన్ సంక్లిష్టాల నిర్మాణాన్ని వెలికితీసినందుకు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో స్ఫటిక విశ్లేషణ పద్ధతిని రూపొందించినందుకు 1982లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనను వరించింది. అక్కరకురానిదిగా తోచిన స్ఫటికాన్ని పారవేయక, అది ఎందుకు ఏర్పడిందని అడగడమే ఆ కృషికి మలుపు.