నరం దాకా వెళ్లిన సూది

ఒంట్లోకి మందు ఎక్కించే బోలు సూది పుట్టిందే నరాల నొప్పి కోసం. 1844 జూన్‌లో డబ్లిన్‌లోని మీత్ ఆసుపత్రిలో 59 ఏళ్ల మహిళ ఒకామె ముఖంలో తెరలు తెరలుగా వచ్చే పోటుతో అల్లాడుతోంది. నోటి ద్వారా ఇచ్చిన మార్ఫిన్ ఏమీ చేయలేకపోయింది. ఫ్రాన్సిస్ రిండ్ అనే సర్జన్ తానే రూపొందించుకున్న పనిముట్టుతో కనుబొమ్మ మీది నరం దగ్గరా, కణత, చెంప నరాల దారిలోనూ మార్ఫిన్ ద్రవాన్ని దింపాడు. దానికి పిస్టన్ లేదు, మందు తన బరువుకు తానే కిందికి జారాలి. నిమిషంలో నొప్పి తగ్గిందనీ, ఎన్నో నెలల తరవాత ఆమె ఆ రాత్రి బాగా నిద్రపోయిందనీ రిండ్ రాసిపెట్టాడు. 1853లో ఎడిన్‌బరో డాక్టరు అలెగ్జాండర్ వుడ్ సిరంజి పట్టింది కూడా నరాల నొప్పి తగ్గించడానికే.

నొప్పి ఎక్కడుంటే మందు అక్కడే పెట్టాలన్నది ఇద్దరి నమ్మకం. దాన్ని లండన్‌లో చార్లెస్ హంటర్ కదిలించాడు. ఒకేచోట పదేపదే గుచ్చడం వల్ల చీము పడుతోందని ఆయన నొప్పికి దూరంగా మరోచోట సూది వేసి చూశాడు. ఉపశమనం అంతే వచ్చింది. మార్ఫిన్ రక్తంలో కలిసి మెదడు దాకా వెళ్లి పనిచేస్తోందన్నమాట. సూదిని నరం దాకా తీసుకెళ్లారు గానీ, ఆ నరాన్ని ఆపగల మందు అప్పటికి వారి చేతిలో లేదు.

అది 1884లో వియన్నాలో దొరికింది. కార్ల్ కోలర్ అనే యువ డాక్టరు కంట్లో కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని నిరూపించాడు. కొన్ని నెలలు తిరక్కముందే న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్, రిచర్డ్ హాల్ ఆ మందునే నేరుగా నరం పక్కన ఎక్కించారు. కింది దవడ పన్ను పీకేముందు డెంటిస్టు ఈనాటికీ వేసే సూది వాళ్ల ప్రయోగాల నుంచి వచ్చిందే. ముందుగా తమ ఒంటి మీదే పరీక్షించుకున్న ఆ ఇద్దరూ కొకైన్‌కు బానిసలయ్యారు. హాల్‌స్టెడ్ తరవాత అమెరికాలోనే పేరుమోసిన సర్జన్ అయినా, మత్తుమందుల పీడ ఆయన్ని పూర్తిగా వదల్లేదు. మన చెంప మొద్దుబారిన ప్రతిసారీ వాళ్లకు ఎంతో కొంత రుణపడి ఉన్నామనే నేననుకుంటాను.

వ్యసనంగా మారని మందు కోసం వెతుకులాట సాగింది. 1904లో జర్మనీలో ప్రొకైన్, 1943లో స్వీడన్‌లో లిడొకైన్ తయారయ్యాయి. ఇవన్నీ పనిచేసే తీరు ఒకటే. నరం పొరలో సోడియం అయాన్లు లోపలికి వచ్చే సన్నని ద్వారాలుంటాయి. అవి తెరుచుకుంటేనే విద్యుత్ సంకేతం ముందుకు సాగుతుంది. మందు పొరలోంచి లోపలికి ఇంకి, ఆ ద్వారాలను లోపలివైపు నుంచి మూసేస్తుంది. చీముపట్టిన చోట ఆమ్లత్వం పెరిగి మందు సరిగా ఇంకదు. వాచిన చిగురుకు సూది వేసినా ఒక్కోసారి మొద్దుబారకపోవడానికి కారణం ఇదే.

శస్త్రచికిత్సకు పనికొచ్చిన ఈ విద్యను దీర్ఘకాలపు నొప్పి వైపు మళ్లించిన వాళ్లలో జాన్ బొనికా ముఖ్యుడు. ఇటలీకి చెందిన ఫిలికూడి దీవిలో 1917లో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరాడు. ముసుగు వేసుకుని కుస్తీలు పట్టి, ఆ డబ్బుతో వైద్యం చదివాడు. రెండో ప్రపంచ యుద్ధంలో వాషింగ్టన్ రాష్ట్రంలోని మాడిగన్ సైనిక ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు ఆయన్ని ఒక విషయం వేధించింది. గాయం మానిపోయింది, చర్మం కలిసిపోయింది, అయినా సైనికుడు నొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. నరం పక్కన మందు ఎక్కించి నొప్పి సంకేతాన్ని ఆపే సూదులు, అంటే నెర్వ్ బ్లాక్‌లు, ఇచ్చాడు. కొందరికి తగ్గింది, కొందరికి తగ్గలేదు. నరాల డాక్టర్లనీ, ఎముకల డాక్టర్లనీ, మానసిక వైద్యులనీ అడిగాడు. విడివిడిగా ఎవరి దగ్గరా పూర్తి జవాబు లేదు. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక్కో రోగి గురించి చర్చించడం మొదలుపెట్టాడు. నేటి పెయిన్ క్లినిక్‌కు మూలం అదే. 1953లో వెలువడిన ఆయన గ్రంథం నొప్పినే ఒక ప్రత్యేక వైద్యశాస్త్రంగా నిలబెట్టింది. కుస్తీల్లో చితికిన కీళ్లతో ఆయనా జీవితాంతం నొప్పి భరించాడు. సూది ఒక్కటే చాలదన్న ఆయన ఆలోచనకు అందుకే నా దృష్టిలో అంత విలువ.

చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. లిడొకైన్ ప్రభావం గంటా రెండు గంటలు, అదే కోవకు చెందిన బుపివకైన్‌ది మరికొన్ని గంటలు. మరి నెలల నొప్పికి ఇదేం మందు? వెన్నులోని డిస్కు ఒత్తిడితో వాచిన నరం మూలం దగ్గరైతే తోడుగా ఇచ్చే స్టిరాయిడ్ వాపును తగ్గిస్తుంది, కొన్ని వారాలు ఊరట దొరకవచ్చు. అదీ అందరికీ కాదు. పైగా మళ్లీ మళ్లీ వేయించుకుంటే స్టిరాయిడ్ వల్ల చక్కెర పెరగడం, ఎముకలు పలచబడటం వంటి నష్టాలుంటాయి. ఆ ఊరట ఉన్న రోజుల్లోనే ఫిజియోథెరపీ చేసి కండరాలకు బలం తెచ్చుకోవాలి. పడుకుని గడిపేస్తే బ్లాక్ వృథా.

పాతరోజుల్లో సూది నరాన్ని చేరిందో లేదో తెలియడానికి, చేతిలో కరెంటు కొట్టినట్టయిందా అని రోగినే అడిగేవారు. తరవాత ఎక్స్‌రే తెర వచ్చింది. 1994లో వియన్నా వైద్యులు మెడ కింది నరాల గుంపుకు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ బ్లాక్ ఇచ్చిన తీరును ప్రచురించారు. నరం, పక్కనే కొట్టుకునే రక్తనాళం, దిగుతున్న సూదిమొన, మూడూ తెర మీద ఒకేసారి కనిపిస్తాయి. పొరపాటున మందు రక్తనాళంలోకి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. సూది వల్ల రక్తస్రావం కావచ్చు కాబట్టి, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పి తీరాలి.

నా మటుకు బ్లాక్‌లో గొప్ప గుణం నొప్పికి మూలం చూపడం. నడుం నొప్పికి ఎమ్మారైలో కనిపించే అరుగుదలే కారణం కానక్కర్లేదు. నొప్పి లేనివాళ్ల వెన్నులోనూ అలాంటి అరుగుదల కనిపిస్తుంది. వెన్నుపూసల వెనక చిన్న కీళ్ల మీద అనుమానం వస్తే, వాటి నుంచి కబురు మోసే సన్నని నరాల దగ్గర కొద్దిపాటి మందు వేస్తారు. కొన్నిచోట్ల ఇదే పరీక్షను రెండోసారి వేరే మందుతో చేసి సరిచూసుకుంటారు. నొప్పి పోయిన వ్యవధి మందు పనిచేసే వ్యవధికి సరిపోలితే అనుమానం బలపడుతుంది. అప్పుడే ఆ నరాలను రేడియో తరంగాల వేడితో కాల్చే చికిత్సకు వెళతారు. నరం తిరిగి పెరిగేదాకా, అంటే ఆరు నెలల నుంచి ఏడాది దాకా, ఊరట ఉండవచ్చు. ఊరట వ్యవధి లెక్క తేలాలనే పరీక్ష బ్లాక్ తరవాత రోగిని వంగమంటారు, మెట్లెక్కమంటారు, గంటగంటకీ నొప్పి పదికి ఎంత ఉందో కాగితం మీద రాసుకోమంటారు. ఆ కాగితం ఖాళీగా తెస్తే డాక్టరుకు తరవాతి అడుగు వేసే ఆధారం ఉండదు.