జెట్ మోటారు మేనకోడలు

గవర్నర్‌పేటలో ఏ మోటారు వైండింగ్ కొట్టు ముందైనా కాసేపు నిలబడండి. రాగితీగ ఊడదీసిన మోటార్ల మధ్య, రెండు పైపులు బిగించుకునే పంపు ఒకటి కనిపిస్తుంది. అది జెట్ మోటారు. సబ్‌మెర్సిబుళ్లు రాకముందు బెజవాడలో చాలా ఇళ్లకి దాని రొదతోనే తెల్లవారేది. ఫుట్‌వాల్వ్‌లో ఇసుక ఇరుక్కుంటే పైపులో నీళ్లు దిగిపోయేవి. అప్పుడు చెంబుతో నీళ్లు పోసి, బుడగలు రావడం ఆగేదాకా ఓపిక పట్టి, బిరడా బిగించి స్విచ్ వెయ్యాలి. మా ఇంట్లో ఆ పని నాది. అమెరికాలో మనవాళ్ల పెరళ్లలో ఆవిర్లు కక్కుతూ కూర్చునే హాట్ టబ్ ఈ మోటారుకి వరసకి మేనకోడలవుతుందని అప్పట్లో ఎవరైనా చెప్పినా నమ్మేవాణ్ణి కాదు.

హాట్ టబ్‌ని చాలామంది జకూజీ అంటారు. జకూజీ అన్నది ఓ ఇంటిపేరు. ఇటలీ ఈశాన్య మూలన కసార్సా అనే ఊరినుంచి కాలిఫోర్నియా చేరిన ఏడుగురు అన్నదమ్ముల ఇంటిపేరు. 1915లో కంపెనీ పెట్టి మొదట విమానాలకి ప్రొపెల్లర్లు చెక్కారు. తరవాత ఏకంగా విమానమే కట్టారు. 1921లో అది కూలింది. అందులో ఉన్న జొకొండో అనే సోదరుడు చనిపోయాడు. ఇక ఆ ఇంట్లో విమానం మాట ఎత్తలేదు. వాళ్లలో బుర్రగలవాడు రాకెలే. గాలిని కోసే రెక్కల సంగతి పక్కనపెట్టి, 1920లలో నీళ్ల మీద పడి జెట్ పంపు తయారుచేశాడు.

మామూలు పంపు నీళ్లు లాగుతుందనుకుంటాం. నిజానికి అది పైపులో గాలి తీసేస్తుందంతే. బావిలో నీళ్లని పైనున్న వాతావరణం నొక్కితే అవి పైపులోకి ఎక్కుతాయి. ఆ నొక్కుడుకి ఓ హద్దుంది. లెక్క ప్రకారం 10 మీటర్ల పైచిలుకు, ఆచరణలో 7, 8 మీటర్లు. నీటిమట్టం అంతకన్నా దిగితే పైన కూర్చున్న పంపు ఎంత మొత్తుకున్నా ప్రయోజనం లేదు. జెట్ పంపు ఏం చేస్తుందంటే, పైకొచ్చిన నీళ్లలో కొంత మళ్లీ కిందికే తోస్తుంది, పండిన వడ్లలో కొన్ని విత్తనానికి తీసిపెట్టినట్టు. అడుగున సన్నటి మూతిలోంచి ఆ నీళ్లు దూసుకుపోతుంటే అక్కడ ఒత్తిడి పడిపోతుంది. చుట్టూ ఉన్న నీళ్లు అందులోకి ఉరికి, రెండూ కలిసి పైకి తన్నుకొస్తాయి. రెండో పైపు ఉన్నది అందుకే.

రైతు కోసం పుట్టిన ఈ యంత్రాన్ని స్నానాల తొట్టిలోకి దింపింది ఓ తండ్రి బాధ. సోదరుల్లో చిన్నవాడు కాండిడో. అతని కొడుకు కెన్నెత్‌కి పసితనంలోనే కీళ్లవాతం పట్టుకుంది. ఆస్పత్రిలో నీళ్ల వైద్యం చేయిస్తే పిల్లవాడికి కాస్త హాయిగా ఉండేది. ఇంటికొస్తే మళ్లీ మామూలే. పంపులు చేసే ఇంట్లో పుట్టి ఇదేం ఖర్మ అనుకున్నాడేమో, 1940లలో ఇంటి తొట్టిలోనే ముంచిపెట్టే చిన్న పంపు తయారైంది. 1950లలో దాన్ని బయట అమ్మారు. 1968లో మూడో తరం వాడైన రాయ్ జకూజీ, పంపునీ మూతుల్నీ తొట్టి గోడల్లోనే ఇమిడ్చాడు. సూత్రం మారలేదు. ఒత్తిడి పడిపోయిన చోట, బావి నీళ్లు చేరేందుకు బదులు గాలి గొట్టం పెట్టారు. మూతి గాలిని పీల్చి, బుడగలు చేసి నడుముకేసి కొడుతుంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కంతా ఆ నీళ్లని శుభ్రంగా ఉంచడంలో ఉంది, దాన్ని పెంచేదీ ఆ బుడగలే.

ముందు లెక్క చూడండి. 1,500 లీటర్ల తొట్టిలో నలుగురు కూర్చుంటే మనిషికి 375 లీటర్లు. నాలుగున్నర లక్షల లీటర్ల ఈతకొలనులో అదే వాటా రావాలంటే 1,200 మంది దిగాలి. పుష్కరాల రేవన్నమాట, కాకపోతే కృష్ణ పారుతుంది, తొట్టి పారదు. పైగా నీళ్లు 38, 40 డిగ్రీల వేడి. చెమట, చర్మపు పొట్టు, నూనె అన్నీ అందులోకే. వేసిన క్లోరిన్ వీటితోనే సగం ఖర్చవుతుంది. మిగిలింది వేడికీ కుదుపుకీ త్వరగా హరించుకుపోతుంది.

బుడగలు చేసే అపకారం కంటికి కనబడదు. గోళీసోడా కొట్టి వదిలేస్తే గ్యాసు పోయి పులుపు తగ్గుతుంది కదా, తొట్టిలోనూ అంతే. బుడగలు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి తరిమేస్తాయి, నీళ్లు క్షారం వైపు జరుగుతాయి, అంటే పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుకైన రూపంలో ఉంటుంది. 8కి చేరితే అది పావువంతుకి పడిపోతుంది. క్లోరిన్ ఉన్నట్టే ఉంటుంది, పని చెయ్యదు. అందుకే పీహెచ్ 7.2కీ 7.8కీ మధ్య నిలపాలంటారు. ఘాటైన వాసన వస్తే మందు దండిగా పడిందని మురిసిపోకండి. అది చెమటా మూత్రమూ కలిసి క్లోరిన్ పాడైన వాసన.

గొట్టాల లోపల పాచి పడితే అందులో సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరుతుంది, ఒళ్లంతా ఎర్రటి పొక్కులు లేస్తాయి. లీజియొనెల్లా మరీ ప్రమాదకరం. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో చేరిన మాజీ సైనికుల ప్రాణాలు తీసి, మరుసటి ఏడు పట్టుబడిన బాక్టీరియా ఇది. తాగడం కంటే పీల్చడంతోనే ముప్పు. వెచ్చటి తొట్టి బుడగలు పగిలి లేచే తుంపర దానికి పల్లకీ.

నీళ్లలో క్లోరిన్ కొలిచే ఈ విద్య మనకి కొత్తదేం కాదు. బుడమేరు వాగు పొంగిన 2024 సెప్టెంబరులో బెజవాడ వీధులు బ్లీచింగ్ వాసన కొట్టాయి. బావులకి మందు ఎంత వెయ్యాలో తేల్చడానికి హారక్స్ పెట్టె ఒకటుంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనిక వైద్యుడు హారక్స్ పేరు దానిది. ఆరు తెల్ల గిన్నెల్లో బావి నీళ్లు పోసి, బ్లీచింగ్ ద్రావణం ఒక చుక్క, రెండు, మూడు, ఇలా పెంచుకుంటూ వేస్తారు. అరగంట ఆగి సూచిక మందు వేస్తారు. మూడో గిన్నెలో మొదటిసారి నీలం తిరిగితే, 455 లీటర్లకి మూడు చెంచాలు, అంటే 6 గ్రాములు. తొట్టి యజమానులు ముంచి చూసే కాగితపు పట్టీ చేసే పనీ ఇంతే, మిగిలిన క్లోరిన్‌ని రంగుగా చూపించడం. కుళాయిలో లీటరుకి 0.2 మిల్లీగ్రాములు మిగిలితే చాలు. హాట్ టబ్‌లో కనీసం 3 ఉండాలి.

మనవాళ్లు చేసే తప్పు ఒకటి చెప్పాలి. తలంటుకి నూనె పట్టించిన ఒంటితో ఆ తొట్టిలో దిగకండి. నువ్వులనూనె క్లోరిన్‌ని మింగుతుంది, నురగ తెస్తుంది, ఫిల్టరుని జిడ్డు చేస్తుంది. ముందు సబ్బుతో స్నానం చేసి దిగాలి. నీళ్లు తేటగానే కనిపించినా మూడు నాలుగు నెలలకోసారి మొత్తం వదిలేసి, గొట్టాలు కడిగి కొత్త నీళ్లు పట్టాలి. ఈసారి డాలస్‌కో, బే ఏరియాకో వెళ్లినప్పుడు పిల్లలు "రా నాన్నా, వేడినీళ్లు" అంటే ముందు పట్టీ ముంచి చూపించమనండి. 3కి తక్కువ చూపిస్తే ఆ పూటకి బకెట్ స్నానం చెయ్యండి.