పూసల్లో పూచిన తోట

పామిడిలో ఏ సందులోకి వెళ్ళినా ముందుగా చెవిన పడేది కుట్టుమిషన్ల చప్పుడు. పెన్న ఒడ్డున, హైదరాబాద్–బెంగళూరు రహదారి పక్కన ఉన్న ఈ ఊరికి బట్టల వ్యాపారంలోనూ, కుట్టుపనిలోనూ పేరుంది. పెన్నలో నీళ్ళు కనిపించే రోజులు తక్కువ, ఇసుక కనిపించే రోజులు ఎక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. వేరుశనగ పండితే ఇంట్లో నవ్వులు, ఎండితే అప్పులు. అందుకే వానతో సంబంధం లేని సంపాదన ఏదైనా ఉందా అని ఇక్కడి ఇల్లాళ్ళు ఎప్పుడూ వెతుకుతూ ఉంటారు.

అలాంటి ఒక ఇంటి వసారాలో మేము కూర్చుని ఉండగా ఆ ఇంటి పెద్దామె మెడలోని కాలీపోత్ లచ్ఛా పుటుక్కున తెగింది. ఆవగింజలంత నల్లపూసలు గచ్చంతా చెదిరిపోయాయి. పిల్లలు మిషను కింద, చాప కింద, చెప్పుల మధ్య వెతికి ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో పోశారు. ఆమె కూతురు సూదీ దారం తీసుకుని సాయంత్రంలోగా మళ్ళీ గుచ్చేసింది. ఊరుకోకుండా, మధ్యలో పసుపు పూసలతో చిన్న పువ్వొకటి కట్టింది.

తల్లి అద్దంలో చూసుకుని, "ఇది నా నికాహ్‌నాటి లచ్ఛా బేటీ. దీనికి సొగసులొద్దు. పువ్వు తీసెయ్" అంది.

అమ్మాయి మారుమాట లేకుండా పువ్వు విప్పింది. కానీ పూసలు పారెయ్యలేదు. వాటికి కొక్కేలు తగిలించి చెవికమ్మలు చేసుకుంది. "ఏం పువ్వమ్మా అది?" అని అడిగితే, "తంగేడు. మా చేను గట్టున అది తప్ప ఇంకేం పూస్తుంది?" అని నవ్వింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన ఆ అమ్మాయి ఇప్పుడు తంగేడు పువ్వులే కాదు, సీతాకోకచిలుకలు కూడా పూసలతో అల్లుతోంది. ఈ పని కాలక్షేపమేనా, లేక కూడు పెట్టగలదా అన్న ప్రశ్నతో మేము ఆ ఇంటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాం.

పూస మనకు కొత్తది కాదు

తెలుగింటి నల్లపూసలు, దక్కనీ ముస్లిం ఇంటి కాలీపోత్ లచ్ఛా అక్కాచెల్లెళ్ళ వంటివి. పేర్లు వేరు, పూస ఒకటే. పెళ్ళయిన స్త్రీ మెడలో అది ఉండటం మన ప్రాంతపు ఆచారం. పెట్టుబడి తక్కువ, విలువ మాత్రం ఎక్కువ. పామిడి తల్లి పువ్వు వద్దనడంలో ఉన్న మర్మం అదే.

ఆ చిన్న గాజుపూస వెనుక పెద్ద చరిత్రే ఉంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించాడు. రెండు వేల ఏళ్ళనాటి ఆ రేవుపట్టణంలో పూసలు విస్తారంగా తయారయ్యేవని తేలింది. దక్షిణ భారతంలో పుట్టిన ఈ రకం గాజుపూసలు ఓడలెక్కి ఆగ్నేయాసియాకూ, ఆఫ్రికా తూర్పు తీరానికీ చేరాయి. ఆ పాత పద్ధతి మన రాష్ట్రంలోనే, ఇప్పటి తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో చాలాకాలం నిలిచింది. కొలిమిలో కరిగిన గాజుముద్దను సన్నని బోలు గొట్టంగా లాగి, ముక్కలు చేసి, అంచులు నున్నబడేలా మళ్ళీ వేడిచేస్తే పూస తయారవుతుంది. ఈ విధానాన్ని చూసి రాసుకోవడానికి విదేశీ పరిశోధకులు ఆ పల్లెను వెతుక్కుంటూ వచ్చారు.

నేడు బజారులో దొరికే పూసల్లో దేశవాళీవి ఉన్నాయి, చెక్ దేశం నుంచి, జపాన్ నుంచి వచ్చేవీ ఉన్నాయి. జపాన్ పూసలు ఒకే కొలతలో ఉంటాయి, ధర మాత్రం ఎక్కువ. దేశవాళీ పూసల్లో సన్నవి, లావువి కలిసి వస్తాయి. చౌకగా వచ్చాయని తెచ్చుకుంటే ఏరుకోవడానికే ఒక పూట పడుతుంది. ఆ పూట కూడా ఖర్చేనన్న సంగతి మరచిపోకూడదు.

తోటను ఎక్కడ వెతకాలి?

సీతాకోకచిలుక అనగానే చాలామంది పుస్తకంలోని బొమ్మను చూసి కాపీ చేస్తారు. అలా చేసింది ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. పామిడి అమ్మాయి తన చుట్టూ ఉన్నవాటినే చూసింది. అనంతపురం మెట్టనేలలో తోటలేముంటాయని మనం అనుకుంటాం. తొలకరి చినుకులు పడ్డాక గట్టు మీద పది నిమిషాలు నిలబడితే ఆ అభిప్రాయం మారిపోతుంది.

జిల్లేడు ఆకు మీద పెరిగే పురుగు నారింజరంగు రెక్కల చిలుకగా మారుతుంది. దాని రెక్క అంచు నలుపు, ఆ నలుపులో తెల్లటి చుక్కలు. జిల్లేడు పాలలోని చేదు దాని ఒంట్లోనూ ఉంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. తంగేడు మీద గుడ్లు పెట్టేది లేత పసుపు కలిసిన తెల్లచిలుక. పెరట్లోని కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగేది నలుపు మీద లేత పసుపు మచ్చలతో, వెనుక రెక్క చివర ఎర్రటి చుక్కతో ఉంటుంది. గాడిదగడపాకు తిని పెరిగేది నల్లని రెక్కల మీద కుంకుమరంగు చుక్కలతో కనిపిస్తుంది. ఒక్కొక్క చిలుకకూ ఒక్కొక్క మొక్క. ఆ జంటను కలిపి చూస్తే నగ నమూనా దానంతటదే కుదురుతుంది. తంగేడు పూలదండ, దాని చివర లేత పసుపు చిలుక. కరివేపాకు ఆకుల గొలుసు, మధ్యలో నలుపు, పసుపు రెక్కలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రాణుల రూపాలను నగలుగా ధరించడం గురించి కొన్ని ఇళ్ళలో పెద్దలు అభ్యంతరం చెబుతారు. వారి మనసు నొప్పించనక్కర్లేదు. రెక్క మీది రంగుల అమరికను మాత్రమే తీసుకుని, తల, ఒళ్ళు లేకుండా ఆకు ఆకారంలో అల్లవచ్చు. పూలు, తీగలు, ఆకులతోనే సరిపెట్టుకోవచ్చు. జన్నత్ అన్న మాటకు అర్థమే తోట. మన పూర్వీకుల పనివారు తోటను రాతిలో, పెంకులో, బట్టలో ఎన్ని విధాల పూయించారో చూడండి. తాజ్‌మహల్ పాలరాతిలో రంగురాళ్ళు పొదిగిన పూలున్నాయి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీల కాలపు బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడలపై రంగు పెంకుల పని ఉంది. మచిలీపట్నం కలంకారీ నిండా తీగలు, పువ్వులే. చిన్న చిన్న ముక్కలు పేర్చి పెద్ద తోటను చూపించడం మనకు తెలిసిన విద్యే.

అల్లే విధం

ముందు గళ్ళ నోటుపుస్తకం కావాలి. ఒక గడి ఒక పూస. చిలుకను పూర్తిగా గీయనక్కర్లేదు, ఒకవైపు రెక్కలు గీస్తే చాలు. రెండోవైపు అద్దంలో చూసినట్టు తిప్పి అల్లుకోవాలి. రంగుకొక గుర్తు పెట్టుకుని, ఏ రంగు పూసలు ఎన్ని కావాలో ముందే లెక్కేసుకోవాలి. దర్జీ ఇళ్ళలో మిగిలే గుడ్డపేలికలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది.

చెవికమ్మకు సరిపడే చిన్న చిలుకకు రెండు మిల్లీమీటర్ల పూసలు, 30 గేజి రాగి తీగ సరిపోతాయి. పై రెక్కకు వరుసగా 2, 3, 4, 5, 5, 4 పూసలు. కింది రెక్కకు 2, 3, 4, 3. అంటే ఒక పక్కకు 35, రెండు పక్కలకు 70. నడుముకు కాస్త పెద్ద పూసలు 7. తీగ మధ్యలో మొదటి వరుస పూసలు ఉంచి, తర్వాతి వరుస పూసల్లోంచి తీగ రెండు కొసలనూ ఎదురెదురుగా దూర్చి లాగాలి. అలా ఒక్కొక్క వరుసా మునుపటిదాని మీద కూర్చుంటుంది. బిగువు తగ్గితే రెక్క వేలాడుతుంది, మరీ లాగితే తీగ తెగుతుంది. మొదటి నాలుగైదు పాడవుతాయి. విప్పి మళ్ళీ అల్లడమే దానికి మందు.

మెడగొలుసుకు దారం కన్నా గేర్ వైరు మేలు. దారంతోనే గుచ్చేటట్టయితే నైలాన్ దారం వాడి, నాలుగైదు అంగుళాలకొక ముడి వేయాలి. తెగినా అన్నీ రాలిపోవు. చవకరకం కొక్కేలతో కొందరికి చెవులు దురద పెడతాయి, కాబట్టి నికెల్ లేనివి అడిగి తీసుకోవాలి. రెండు చెవుల కమ్మలూ ఒకే బరువుండాలి. పగటి వెలుతురులో, కింద తెల్లగుడ్డ పరచుకుని కూర్చోవాలి. అరగంటకొకసారి తలెత్తి దూరంగా చూస్తే కళ్ళకు విశ్రాంతి. పాకే పిల్లలున్న ఇంట్లో పూసల డబ్బాకు గట్టి మూత ఉండితీరాలి.

ధర ఎవరు చెప్పాలి?

అసలు చిక్కు ఇక్కడుంది. పామిడి అమ్మాయి అల్లిన కమ్మలు చూసి ఒక వ్యాపారి జతకు 80 రూపాయలిస్తానన్నాడు, డజన్ల లెక్కన కావాలన్నాడు. ఇంట్లో అందరూ సంతోషించారు. మేము కాగితం, కలం తీసుకుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాం.

జతకు పూసలు, తీగ, కొక్కేలు కలిపి 45 రూపాయలు. పట్టే సమయం మూడు గంటలు. 80లో 45 పోతే మిగిలేది 35. రోజుకు ఆరు గంటలు కదలకుండా కూర్చున్నా చేతికొచ్చేది 70 రూపాయలు. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పని రోజు కూలి 300 రూపాయలు. ఎండలో మట్టి తవ్వే చేతికి కట్టిన ఆ విలువలో నాలుగో వంతు కూడా కళ్ళు పెట్టి పనిచేసే చేతికి దక్కడం లేదన్నమాట.

అదే కూలిని ఎనిమిది గంటలకు పంచితే గంటకు ముప్పై ఏడున్నర. మూడు గంటలకు 112 రూపాయల చిల్లర. సరుకు 45, డబ్బా, చార్జీలు, పాడైనవాటి నష్టం కలిపి ఇంకో 20. జతకు 180 రూపాయలకు తగ్గితే నష్టమే. అమ్మాయి ఆ అంకె కేసి చాలాసేపు చూసింది. "ఇంత అడిగితే ఎవరు కొంటారు?" అంది. "కుట్టుకూలి అడగడానికి మీ అబ్బా ఎప్పుడైనా సిగ్గుపడ్డారా?" అని మేము అడిగాం. ఆమె దగ్గర జవాబు లేదు.

ఇంట్లో కూర్చుని చేసే పని పనికాదన్న భావన మనలో పాతుకుపోయింది. 'ఊరికే కూర్చునే బదులు' అన్న మాటతోనే ఆడపిల్ల శ్రమ ధర సగానికి పడిపోతుంది. లాడ్ బజార్ గాజుల సంగతి చూడండి. తరతరాలుగా కొలిమి దగ్గర కూర్చుని లక్క కరిగించి, రాళ్ళు పొదిగిన కుటుంబాల పనితనం వల్లే హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. పనికి పేరుంటేనే ధర నిలుస్తుంది.

ఈ పని చేపట్టదలచిన అక్కచెల్లెళ్ళు నలుగురైదుగురు కలిసి పూసలు టోకున కొనుక్కుంటే ఖర్చు తగ్గుతుంది. ఎవరికి తోచిన ధర వారు చెప్పకుండా ముందే ఒక మాట అనుకోవాలి. హస్తకళాకారులకు కేంద్ర జౌళి శాఖ ఇచ్చే 'పహచాన్' గుర్తింపు కార్డు గురించి విచారించాలి. నమూనాలు గీసిన నోటుపుస్తకాన్ని తేదీలు వేసి దాచుకోవాలి. అదే మీ ఆస్తి.

కొనేవారికీ ఒక మనవి. ఈద్‌కో, షాదీకో ఇలాంటి నగ కొనేటప్పుడు, "పూసలే కదా" అని బేరమాడకండి. ఎన్ని గంటలు పట్టిందని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీకూ ధర అర్థమవుతుంది, చేసినవారికీ గౌరవం దక్కుతుంది.

మేము చివరిసారి వెళ్ళినప్పుడు ఒక పెళ్ళివారు వచ్చి ఉన్నారు. చెల్లెళ్ళకూ, వదినలకూ ఆరు జతలు కావాలన్నారు. ధరెంత అని వారు తల్లినడిగారు. తల్లి కూతురి వైపు చూసింది. అమ్మాయి గొంతు కాస్త వణికింది కానీ అంకె తడబడలేదు. "జత నూట ఎనభై" అంది. వారు ఒకరి ముఖాలొకరు చూసుకుని, నాలుగు జతలకు బయానా ఇచ్చి వెళ్ళారు.

రెండు జతలు తగ్గాయి. ధర మాత్రం తగ్గలేదు. ఆ రాత్రి తల్లి తన లచ్ఛా సరిచేసుకుంటూ, "ఆ తంగేడు కమ్మలు నాకూ ఒక జత చెయ్యి బేటీ, డబ్బులిస్తాలే" అంది.