శనివారానికి పదిహేను మంది

గురువారం రాత్రి తొమ్మిది దాటితే నా ఫోను ఊరుకోదు. "శనివారం నాకు డ్యూటీ పడింది." "ఆవు ఈనేలా ఉంది, మాటివ్వలేను." "మోకాలు వాపు ఇంకా తగ్గలేదు." ఒక్కో పేరూ చెరిగిపోతుంటే కెప్టెన్ మళ్లీ మళ్లీ లెక్క వేసి వాట్సాప్‌లో పెడుతుంటాడు. పదమూడు, పన్నెండు, మళ్లీ పదమూడు. శనివారం మధ్యాహ్నానికి పదిహేను మంది కావాలి. ఇంగ్లండులో కౌంటీ లీగు రగ్బీ అంటే నా అనుభవంలో ముందు ఈ లెక్కే. పాయింట్ల పట్టిక దాని తర్వాత.

నేను ఎప్పుడూ రగ్బీ ఆడలేదు. మాది కుప్పం దగ్గర పల్లె. ఇంగ్లండుకు నైరుతి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయినట్టుండే కార్న్‌వాల్ కౌంటీలో నర్సుగా పనిచేస్తున్నాను. రెడ్రూత్ అనే పాత గనుల ఊరి దగ్గర ఒక చిన్న క్లబ్బుంది. శనివారాలు ఆ మైదానం గట్టున ప్రథమ చికిత్స పెట్టె పట్టుకుని నిలబడతాను. జీతమేమీ లేదు. ఆట అయ్యాక వేడి వేడి పాస్టీ ఒకటి చేతిలో పెడతారు. మాంసం, బంగాళదుంప, ఉల్లిగడ్డ కూరి మన కజ్జికాయలా అంచు మడిచి కాల్చిన తిండి అది. ఒకప్పుడు గని కార్మికుల మధ్యాహ్నపు భోజనం.

గని అన్నాను కాబట్టి మా తాత సంగతి చెప్పాలి. ఆయన కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. మా వైపు పల్లెల నుంచి ఎంతోమంది తెలుగువాళ్లు అక్కడికి కూలికి వెళ్లారు. 1956లో ప్రభుత్వం తీసుకునేదాకా ఆ గనులను నడిపింది జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ. గట్టి రాతిలో సొరంగం తొలవడం తెలిసినవాళ్లని వాళ్లు కార్న్‌వాల్ నుంచి పిలిపించుకున్నారు. ఇక్కడ రాగి, తగరం గనులు మూతపడుతున్న కొద్దీ ఇక్కడివాళ్లు మెక్సికో, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, కోలారు ఇలా దిక్కుకొకరుగా పోయారు. వెళ్లిన చోటల్లా వాళ్లకు 'కజిన్ జాక్' అని పేరు. 1998లో ఇక్కడి చివరి తగరపు గని సౌత్ క్రాఫ్టీ ఆగిపోయింది. 2001లో కోలారు మూతపడింది. తాత చెప్పిన 'గని దొరల' మునిమనవళ్ల మోకాళ్లకు నేను ఈరోజు కట్టు కడుతున్నాను. మొదటిసారి ఈ మైదానానికి రావడానికి నాకు ఆ ఒక్క సంగతి చాలింది.

ఇక ఆట సంగతి. ఇంగ్లండు పురుషుల రగ్బీ యూనియన్‌ను ఒక నిచ్చెన అనుకోండి. అన్నిటికంటే పైన, 2025 దాకా ప్రీమియర్‌షిప్ అని పిలిచిన లీగు. టీవీలో ఎక్కువగా కనిపించేది అదే. దాని కింద, అప్పటిదాకా చాంపియన్‌షిప్ అన్న లీగు, తర్వాత నేషనల్ లీగులు, ఆ తర్వాత రీజనల్ లీగులు. ఏడో మెట్టుకు దిగితే లీగు పేరులోనే 'కౌంటీస్' అన్న మాట చేరుతుంది. అక్కడి నుంచి పదో మెట్టు దాకా, కొన్నిచోట్ల ఇంకా కిందికి కూడా, అంతా ఇరుగుపొరుగు ఊళ్ల పోటీ. రీజనల్, కౌంటీస్ అన్న ఈ పేర్లు, ఈ అమరిక 2022లో వచ్చాయి కానీ లీగులనేవి మొదలైంది 1987లో. అంతకుముందు క్లబ్బుల కార్యదర్శులు ఉత్తరాలు రాసుకుని మ్యాచ్‌లు కుదుర్చుకునేవారు. మా జట్టుది ఎనిమిదో మెట్టు. గెలిస్తే నాలుగు పాయింట్లు, సమానమైతే రెండు. నాలుగు ట్రైలు (ట్రై అంటే ఏమిటో కింద చెబుతాను) కొడితే ఒకటి అదనం. ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడినా ఒక పాయింటు దక్కుతుంది. ఈ చివరి నియమం నాకు చాలా ఇష్టం. ఓటమి ఖాయమని తెలిశాక కూడా ఆఖరి నిమిషం దాకా ప్రాణం పెట్టి ఆడతారంటే అది దానివల్లే.

రగ్బీ చూడని వాళ్లకు రెండు ముక్కలు. పక్షానికి పదిహేను మంది, ఎనభై నిమిషాల ఆట. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటాక నేలకు ఆనిస్తే ట్రై, దానికి అయిదు పాయింట్లు. ఆ తర్వాత నిలువు కొయ్యల మధ్యగా బంతిని తన్నితే ఇంకో రెండు. పెనాల్టీ కిక్కుకు మూడు. పట్టుబడి కింద పడ్డ మనిషి బంతిని వదిలేయాలి. చెడుగుడు చూసి పెరిగిన నాకు పట్టు, విడుపు, ఊపిరి బిగపట్టడం వెంటనే అర్థమయ్యాయి. అర్థం కావడానికి రోజులు పట్టింది స్క్రమ్. ఎనిమిది మంది ఇటు, ఎనిమిది మంది అటు, భుజాలు కలిపి తలలు వంచి ఒకరినొకరు నెడతారు. ముందు వరసలో ఇద్దరు ప్రాప్‌లు, మధ్యలో హుకర్. ఈ ముగ్గురి మెడల మీద పడే బరువు మామూలుది కాదు. శిక్షణ లేనివాళ్లని అక్కడ నిలబెట్టకూడదు. సరైన ముందు వరస దొరకకపోతే రిఫరీ నెట్టుకోవడం లేని స్క్రమ్ ఆడిస్తాడు. బంతి వేసిన పక్షానికే బంతి, అంతే. ఎనిమిదో మెట్టు మీద సీజన్ తలరాతను చాలాసార్లు రాసేది ట్రైలు కొట్టే కుర్రాళ్లు కాదు, ఈ ప్రాప్‌లే.

నేను చెప్పబోయేది 2023–24 సీజన్. ఆ ఏడాది ఒక పెద్ద మార్పు వచ్చింది. కింది స్థాయి ఆటలన్నిటిలో రొమ్ము ఎముక అడుగు భాగానికి పైన పట్టుకోకూడదని ఇంగ్లండు రగ్బీ యూనియన్ నియమం పెట్టింది. ముందు 2023 జనవరిలో నడుము ఎత్తు అని ప్రకటించారు. వేలాది మంది సంతకాలు పెట్టి ఎదురు తిరిగారు, యూనియన్ క్షమాపణ చెప్పి హద్దును పైకి జరిపింది. మా వాళ్లు కూడా సెప్టెంబరు అంతా గొణిగారు, అలవాటుగా చేతులు భుజాల మీదికి పోయి పెనాల్టీలు ఇచ్చుకున్నారు. నా మాట మాత్రం ఒకటే. తలకు దెబ్బ తగిలి మాట తడబడే కుర్రాడి కళ్లలోకి టార్చి వేసి చూసిన మనిషెవరూ ఈ నియమాన్ని తప్పుపట్టరు.

అక్టోబరులో ఒక శనివారం మా ప్రాప్ ఒకడి తల ఎదుటివాడి మోకాలికి తగిలింది. లేచి నిలబడ్డాడు, నవ్వాడు, బాగానే ఉన్నానన్నాడు. ఈ ఊరు పేరేమిటని అడిగితే చెప్పాడు. కిందటి వారం ఎవరితో ఆడామో చెప్పలేకపోయాడు. బయటికి తీసుకొచ్చేశాను. మాకు ఇంకో ప్రాప్ లేడు. స్క్రమ్‌లో నెట్టుకోవడం ఆగిపోయింది. అప్పటిదాకా స్క్రమ్ బలంతోనే నెగ్గుకొస్తున్న మా జట్టు ఆ మ్యాచ్ ఓడిపోయింది. కెప్టెన్ నా దగ్గరికి వచ్చి ఏమీ అనలేదు, కానీ కాసేపు నా ముఖం కూడా చూడలేదు. అనుమానం ఉంటే ఆపేయాలి, తలదెబ్బ తర్వాత ఇరవై ఒక్క రోజుల దాకా పోటీ ఆట వద్దు అని ఆ ఏడాదే దేశమంతటికీ మార్గదర్శకాలు వచ్చాయి. గట్టున నిలబడే మనిషికి ఆ కాగితం ఎంత బలమో ఆ రోజు తెలిసింది. ఆదివారం ఉదయం ఆ కుర్రాడి అమ్మ ఫోన్ చేసి, "థాంక్యూ, మై లవర్," అంది. ఇక్కడి పెద్దవాళ్లు ఆప్యాయంగా ఎవరినైనా అలాగే పిలుస్తారు, మనం 'అమ్మా', 'తల్లీ' అన్నట్టు.

నవంబరు మొదట్లో సియరాన్ తుఫాను వచ్చింది. ఇక ఆ చలికాలమంతా వానే. మైదానం మీద నీళ్లు నిలిచి మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. వాయిదా పడ్డవన్నీ వసంతంలోకి తోసుకొచ్చి కుప్పగా మీద పడ్డాయి. ప్రాప్‌లు లేని ఆ వారాల్లో ఒక పాడి రైతు మళ్లీ జెర్సీ వేశాడు. వయసు నలభై ఏడు, ఆట మానేసి ఆరేళ్లు. తెల్లవారుజామున పాలు పితికి, మధ్యాహ్నం రెండున్నరకు ఆడి, సాయంత్రం పాలకు ఇంటికి పరిగెత్తేవాడు. ఇక్కడి ఆటగాళ్లకు డబ్బు రాదు, వాళ్లే చందా కట్టి ఆడతారు. జెర్సీలు ఉతికేది ఒకరి భార్య, మైదానానికి సున్నపు గీతలు గీసేది రిటైరైన బడి పంతులు, రొట్టెలు, పాస్టీలు సర్దేది పాత ఆటగాళ్లు. ఎదుటి జట్టుకు పన్నెండు మందే వస్తే ఇద్దరు కెప్టెన్లూ మాట్లాడుకుని పన్నెండేసి మందితో ఆడించేసిన రోజు కూడా ఉంది. మ్యాచ్ రద్దు కావడం కంటే అదే నయమని అందరి మాట.

ఇంత కష్టం దేనికని అడిగితే కార్న్‌వాల్ వాళ్లు రెండు సంవత్సరాలు చెబుతారు. ఒకటి 1908. ఆ ఏడాది మార్చిలో ఇదే రెడ్రూత్‌లో డర్హమ్‌ను 17–3తో ఓడించి కార్న్‌వాల్ ఇంగ్లండు కౌంటీ చాంపియన్ అయింది. దానితో లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఆడే అవకాశం ఈ కౌంటీ జట్టుకే దక్కింది. పోటీలో ఉన్నవి రెండే జట్లు. ఆస్ట్రేలియా చేతిలో 32–3తో ఓడి వెండి పతకం తెచ్చుకున్నారు. రెండోది 1991. కౌంటీ చాంపియన్‌షిప్ ఫైనల్ చూడడానికి లండన్ ట్వికెన్‌హామ్ మైదానానికి నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి సుమారు నలభై వేల మంది నలుపు, బంగారు రంగులు కట్టుకుని వెళ్లారు. అదనపు సమయంలో యార్క్‌షైర్ మీద 29–20తో గెలిచారు. ఆ అభిమానులకు 'ట్రెలానీ సైన్యం' అని పేరు. ఆ రోజు ఊళ్లలో వీధులన్నీ ఖాళీ అని మా పాడి రైతు చెబుతాడు. అప్పుడు అతని వయసు పద్నాలుగు.

ఆ కౌంటీ చాంపియన్‌షిప్ 1889 నుంచి ఉంది. ఇప్పుడది లీగులు ముగిశాక మే నెలలో మొదలయ్యే చిన్న పోటీ. 1995లో రగ్బీలోకి జీతాలు వచ్చాక పెద్ద క్లబ్బుల ఆటగాళ్లు దానికి దూరమయ్యారు. కౌంటీలను డివిజన్లుగా విడదీశారు. కింది డివిజన్ల మ్యాచ్‌లకు జనం పలచగా వస్తారు. 2015లోనూ 2016లోనూ కార్న్‌వాల్ మళ్లీ కప్పు గెలిచినా దేశంలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఇది నాకు బాధగా ఉంటుంది. కౌంటీ జెర్సీ అందుకునే కుర్రాడు వారమంతా ప్లంబరుగానో ఎలక్ట్రీషియనుగానో పనిచేసి వస్తాడు. వాడికి ఆ నలుపు, బంగారు జెర్సీ జీవితంలో ఒక్కసారి వచ్చేది. పోటీని వారాంతాల మధ్య ఇరికించి, చూసేవాళ్లకు తెలియకుండా జరిపితే ఆ జెర్సీ విలువ తగ్గుతుంది. మేలో కాకుండా లీగు మధ్యలో దానికి రెండు వారాలు కేటాయించాలని నా అభిప్రాయం.

మా జట్టు ఆ సీజన్‌ను పట్టిక మధ్యలో ముగించింది. పైకీ పోలేదు, కిందికీ జారలేదు. ఏప్రిల్ ఆఖరి మ్యాచ్‌లో చివరి నిమిషాన ఓటమి తేడా తొమ్మిది నుంచి ఆరుకు తగ్గించే పెనాల్టీ తన్నింది అక్టోబరులో దెబ్బ తగిలిన కుర్రాడే. ప్రాప్ పెనాల్టీ తన్నడం అరుదు. మామూలుగా తన్నేవాడు అప్పటికే కుంటుతూ నా పక్కన కూర్చుని ఉన్నాడు. ఒక పాయింటు వచ్చింది. అందరూ గెలిచినంత అరిచారు.

ఇంగ్లండులో ఉంటున్న మన వాళ్లకు ఒక మాట. రెడింగ్‌లో, లెస్టర్‌లో, మాంచెస్టర్‌లో, మీరెక్కడున్నా దగ్గర్లో ఇలాంటి మైదానం ఒకటి ఉంటుంది. సెప్టెంబరులో సీజన్ మొదలవుతుంది. ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లి గట్టున నిలబడండి. నర్సులు, డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు మనలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. రగ్బీ ప్రథమ చికిత్స శిక్షణ ఒక్కరోజు పని. ప్రతి చిన్న క్లబ్బుకూ గట్టున ఒక మనిషి కావాలి.