క్లయింట్ పని – డిజైనరు పని పుస్తకం: నరసాపురం లేసు ఒక ఉదాహరణ

ఉద్దేశాలు

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు:
• ఆర్డరుపై చేసే పనిలో సృజనకు గల స్థానాన్ని వివరించగలుగుతారు.
• పని పుస్తకంలో ఏమేమి రాయాలో తెలుసుకుంటారు.
• డిజైన్‌పై హక్కు ఎవరిదో, దాన్ని ఎప్పుడు బయటపెట్టవచ్చో చెప్పగలుగుతారు.

1. పరిచయం

డిజైన్ చదివే విద్యార్థికి మొదట్లో ఒక సందేహం వస్తుంది: ఒకరు చెప్పినట్లు చేస్తే అందులో నా సృజన ఏముంటుంది? దీనికి జవాబును నరసాపురంలో వెతుకుదాం. 1933లో ఇక్కడ పుట్టిన బాపు ఎన్నో పుస్తకాలకు ముఖచిత్రాలు, పత్రికల్లోని కథలకు బొమ్మలు వేశారు. అవి ఒక రచయిత కోసమో, సంపాదకుని కోసమో వేసినవే. అయినా సంతకం చూడకుండానే అది బాపు బొమ్మ అని మనం పోల్చుకోగలం.

అదే పట్టణంలో, చుట్టుపక్కల గ్రామాల్లో వేలాదిమంది స్త్రీలు క్రోషే లేసు అల్లుతారు. అదీ ఆర్డరుపై చేసే పనే. ఆ లేసు విదేశాలకు కూడా వెళుతుంది. కాని ఏ పువ్వు ఎవరు అల్లారో కొన్నవారికి తెలియదు. రెండు చోట్లా నేర్పు ఉంది. పేరు మాత్రం ఒక చోటే నిలిచింది. ఇందుకు ముఖ్య కారణం పని జరిగే విధానంలో కనిపిస్తుంది.

2. లేసు పని జరిగే తీరు

19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. సన్నని నూలు దారం, కొక్కెం ఉన్న సూది దీనికి పనిముట్లు. ఏజెంటు ఇంటికి దారం తెచ్చి ఇస్తాడు. ఒకామె పువ్వులు అల్లితే మరొకామె వాటిని కలుపుతుంది. దీన్ని అతుకుపని అంటారు. తయారైన సరుకు ఏజెంటు ద్వారా వ్యాపారికి, అక్కడి నుంచి ఎగుమతికి చేరుతుంది. ఈ పద్ధతిలో అల్లేవారికీ కొనేవారికీ మధ్య మాట అనేదే ఉండదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడి లేసు పనిపై చేసిన పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి ఆ స్త్రీలను కార్మికులుగా కాక గృహిణులుగా చూశారనీ, వారి పనిని తీరిక వేళల వ్యాపకంగా లెక్కగట్టారనీ, కూలి అతి తక్కువగా ఉండటానికి ఇది కారణమైందనీ ఆమె వివరించారు. గంటల లెక్క లేనిచోట బేరమాడటానికి ఆధారం ఉండదని దీన్నిబట్టి మనం గ్రహించాలి.

3. పని పుస్తకం

పని జరుగుతున్నప్పుడే తేదీ వేసి రాసుకునే పుస్తకాన్ని పని పుస్తకం అందాం. దాని ఉపయోగాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం.

మీరు ఒక టేబుల్ క్లాత్‌కు డిజైన్ గీశారు. అందులో 60 పువ్వులున్నాయి. ఒక్కో పువ్వుకు 40 నిమిషాల చొప్పున 40 గంటలు, అతుకుపనికి 10 గంటలు, మొత్తం 50 గంటలు. ధర కుదిరింది. తరువాత క్లయింట్ ఫోన్ చేసి, "పువ్వు కొంచెం నిండుగా ఉంటే బాగుంటుంది, ఇంకో వరస కలపండి" అన్నారు. ఆయనకు అది ఒక్క మాట. పువ్వుకు 10 నిమిషాలు పెరిగితే అల్లేవారికి అదనంగా 10 గంటలు. మీరు రాసుకోకపోతే ఆ పది గంటలు ఉచితంగా పోతాయి. నష్టం మీకంటే ముందు ఆమెకు.

కాబట్టి ఈ నాలుగూ తప్పక రాయండి:
(అ) క్లయింట్ అడిగినది, వీలైనంతవరకు ఆయన మాటల్లోనే.
(ఆ) మీరు చేసిన ప్రయత్నాలు, వదిలేసిన నమూనాలు, వదిలేయడానికి కారణాలు.
(ఇ) ప్రతి మార్పు, దానికి పట్టే సమయం, ఒప్పుకున్న ధర.
(ఈ) పనిచేసిన వారి పేర్లు.

రెండో అంశాన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. క్లయింట్ చేతికి వెళ్ళేది చివరి నమూనా ఒక్కటే. దాని వెనుక మీ ఆలోచన మిగిలేది ఈ పుస్తకంలోనే.

4. హక్కు, ప్రదర్శన

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది ఈ ప్రాంతపు లేసు పేరును కాపాడుతుంది. మీరు గీసిన ఒక కొత్త నమూనాను మాత్రం కాపాడదు. అందుకు 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవాలి. రక్షణ 10 సంవత్సరాలు ఉంటుంది, మరో 5 సంవత్సరాలు పొడిగించుకోవచ్చు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, ప్రతిఫలం తీసుకుని మరొకరి కోసం చేసిన డిజైన్‌కు ఆ చట్టం ప్రకారం యజమాని చేయించుకున్నవారే. మీ పేరు ఉండాలన్నా, నమూనాను ప్రదర్శించుకునే వీలు ఉండాలన్నా పని మొదలుపెట్టేముందే ఒప్పందంలో రాయించుకోవాలి. రెండవది, దరఖాస్తుకు ముందే ప్రజలకు వెల్లడైన డిజైన్‌ను సాధారణంగా నమోదు చేయరు. ఉత్సాహం కొద్దీ నమూనాను ముందే నలుగురికీ చూపిస్తే క్లయింట్ హక్కు కోల్పోవచ్చు. అందువల్ల పుస్తకంలో అన్నీ రాయండి, బయటికి మాత్రం అనుమతి తీసుకున్నాకే చూపండి.

సారాంశం

క్లయింట్ పెట్టే హద్దులు సృజనను చంపవు. లెక్క లేకపోవడం, పేరు లేకపోవడం దాన్ని కనబడకుండా చేస్తాయి. పని పుస్తకం మీ ఆలోచనకూ, అల్లిన చేతుల శ్రమకూ సాక్ష్యం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. అతుకుపని అంటే ఏమిటి?
2. భౌగోళిక గుర్తింపుకూ డిజైన్ నమోదుకూ గల తేడా రాయండి.
3. మీ ప్రాంతంలోని ఒక చేతిపనిని ఎన్నుకొని, ఒక వస్తువు తయారీకి పట్టే గంటలను పనిచేసేవారిని అడిగి పట్టిక తయారుచేయండి.